బావ బాల్యంలో వేలు పెట్టాను

నీమ్ హకీం ఖత్రా-ఎ-జాన్ అంటారు మా బాన్సువాడలో. సగం చదివిన వైద్యుడు ఒక్కరి ప్రాణం మీదికే తెస్తాడు. బీఈడీలో ఒక్క సైకాలజీ పేపరు చదివిన నేనైతే అక్క కాపురాన్నే ముంచబోయాను. వినండి.

మా బావ పరాయివాడేం కాదు, బీర్కూర్‌లో ఉండే మేనత్త కొడుకే. మనిషి బంగారం. అలిగితే మాత్రం మొరాయించిన దున్నపోతు. నిండు కంచం ముందు నుంచి లేచిపోయి దుప్పటి ముసుగేస్తాడు. బతిమాలి బతిమాలి విసిగిపోయిన అక్క ఒకనాడు బట్టలు సర్దుకుని మా ఇంటికొచ్చేసింది.

వారం తిరక్కుండానే అత్తను వెంటబెట్టుకుని బావ దిగాడు. తల దించుకుని, "ఇగ అలగను, నడువు" అన్నాడు. అక్క మెత్తబడింది. అమ్మ చాయ్ పెట్టింది. నేను నోరు మూసుకుంటే కథ కంచికే.

మూసుకుంటే నేనెందుకవుతాను?

"ఆగుండ్రి! రోగం ఏందో తెల్వకుండ అక్కనెట్ల తోలిస్తరు? మనిషి గుణం మొదటి మూడేండ్లల్లనే తయారైతది. బావ అలుగుడుకు కారణం బావ కాదు, పెంచిన తల్లి!"

అత్త మొహం ఎర్రబడింది. అక్క ఊకోమని సైగ చేసింది. నిజాంసాగర్ గేట్లెత్తాక నీళ్లు ఆగుతాయా?

"అత్తా, ఫికర్ పడకు. చిన్నగున్నప్పుడు బావ అలిగితే ఏం చేస్తుంటివి?"

"నాకేమెరుక? వీన్ని కనంగనే జబ్బు చేసి మంచం పట్టిన. మూడేండ్లదాంక పెంచింది మీ అమ్మనే!"

నా సైకాలజీ తిరిగొచ్చి మా ఇంటి మీదే పడింది. అందరం అమ్మ వైపు తిరిగాం.

"తల్లికి దూరమున్న పిలగాడని ఏడ్వనియ్యకపోతి" అంది అమ్మ, కళ్లనిండా నీళ్లతో. "అలిగినప్పుడల్లా ఎంటవడి ముద్దలు తినిపిస్తి. గది తప్పేనా?"

బావ లేచి అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "తప్పేంది అత్తా? నువ్వు లేకుంటే నేనేడుందును?"

అక్క ఒక్కసారిగా పకపకా నవ్వింది. "ఏడాది సంది మనసుల వీళ్లమ్మను తిట్టుకుంటున్న. గిది మా అమ్మ చేసిన పనా!" ఆ మాటకు అత్త కూడా నవ్వాపుకోలేకపోయింది.

బతికానని నేను ఊపిరి తీసుకునేలోపే బావ నావైపు వేలు చూపించాడు. "గది సరే. మరి గీ వాగుడుకాయను పెంచినోళ్లెవరు?"

అమ్మ అత్తను చూపించింది. అత్త అమ్మను చూపించింది.

ఆనాడే సైకాలజీ పుస్తకం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఎవరి బాల్యం జోలికీ పోను. పోక తప్పకపోతే, వాళ్లను పెంచిందెవరో ముందు మా అమ్మనే అడిగి పోతాను.