ఆకాశనౌకలో హుస్సేనమ్మ

నా కథల పుస్తకం అచ్చయి వచ్చిందన్న కబురు మొదట తెచ్చింది మా మరదలు స్వరూప. పోస్టాఫీసు నుంచి కట్ట చంకన పెట్టుకొని వచ్చి, విప్పి, వాకిట్లోనే నిలబడి చదవసాగింది. "వదినా, గీ హుస్సేనమ్మ ఆకాశంల ఏం పని జేస్తున్నది?" అని ఒకటే నవ్వు. పుస్తకం అందుకొని ముఖానికి ఆనించుకున్నాను. కొత్త సిరా వాసన. కొండగట్టు స్వామికి మనసులోనే దండం పెట్టుకున్నాను కానీ, కళ్ళ ముందుకు వచ్చింది మాత్రం మా దేవదానం తాత.

బెల్లంపల్లిలో మా పక్కిల్లే ఆయనది. బొగ్గుబాయి దగ్గర దీపాల గదిలో పనిచేసి రిటైరయ్యాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ తలదీపం ఇచ్చి, పైకి వచ్చాక తిరిగి తీసుకోవడం ఆయన పని. నంబరు చూసి ఇస్తే సరిపోయేది. ఆయన పేరు పెట్టి పిలిచి ఇచ్చేవాడట. కాలు సరిగా లేక బడికి పోలేని నాకు ఇంటికొచ్చి చదువు చెప్పింది ఆయనే. నా పూజ ముగిసేదాకా అరుగు మీద తన బైబిలు చదువుకుంటూ కూర్చునేవాడు.

పందొమ్మిదేళ్ళప్పుడు మొదటి కథ రాశాను. దూరపు గ్రహానికి పోయే నౌక, అందులో జోరిక్స్, వ్రాన్ అనే మనుషులు. తాత విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గిదేం పేరు బిడ్డా, దగ్గుమందు లెక్కున్నది! వీనికి అవ్వ లేదా?"

"తల్లి ఉంది తాతా."

"మరి ఆమె ఏం మొక్కుకొని పెట్టింది గీ పేరు?"

అప్పుడాయన తన చేతి మీదుగా దీపాలు తీసుకున్నవాళ్ళను ఒక్కొక్కరినే చెప్పుకుంటూ పోయాడు. పీర్ల పండుగలో మొక్కితే పుట్టిన సాలోళ్ళ హుస్సేనయ్య. మహారాష్ట్ర దిక్కు నుంచి వచ్చిన విఠోబా. గోండు తల్లి బిడ్డ, చర్చిలో బాప్తిస్మం తీసుకున్న జాన్ భీంరావు. "గీళ్ళందరు ఒక్క లిఫ్టుల బాయిలకు దిగలేదా? నీ ఓడ గంతకన్న ఇరుకా?" అన్నాడు.

కథ తిరగరాశాను. నౌకలో గాలి ఆగకుండా చూసే ఇంజనీరు, పోశవ్వ బిడ్డ హుస్సేనమ్మ అయింది. నడిపేవాడు జాన్ భీంరావు. పత్రికవాళ్ళు ఉత్తరం రాశారు: కథ బాగుంది, ఇన్ని రకాల పేర్లు ఒకేచోట ఉంటే పాఠకులు నమ్మరు, మారిస్తే వేసుకుంటాం. బడి ముఖం చూడని నాకు అచ్చులో నా పేరు చూసుకోవడం కంటే పెద్ద ఆశ లేదు. మారుస్తానన్నాను. తాత కోప్పడలేదు.

"మార్చు బిడ్డా, ఫికర్ జెయ్యకు. గాని పేరొక్కటే పోదు. ఆమె అవ్వ పోతది, మొక్కు పోతది. జర సూసుకో."

హుస్సేనమ్మను కొట్టేసి సుజాత అని రాశాను. గాలి పని సుజాతకూ వచ్చు. కానీ నౌక ఊగిపోతుంటే ఆమె ఎవరిని తలుచుకుంటుందో, ఎవరి మాట గుర్తు చేసుకుని ధైర్యం తెచ్చుకుంటుందో నాకు తెలియలేదు. నా చేతిలో ఆమె నోరే విప్పలేదు. రెండు రోజులు చూసి, పాత పేర్లతోనే కథను తిప్పి పంపాను. అది అచ్చు కాలేదు. ఏడ్చాను కూడా. తాత ఆ కాగితాలు అడిగి తీసుకుని, చర్చికి వచ్చినవాళ్ళకు చదివి వినిపించాడు.

ఇప్పుడు పుస్తకం వేసినవారు ఒక్క పేరైనా మార్చమనలేదు. చూడటానికి తాత లేడు. అయినా వెలితి కంటే కృతజ్ఞతే ఎక్కువగా ఉంది నాకు. ఈనాటికీ కథలోకి కొత్త మనిషి వస్తే, ముందు వాళ్ళ అవ్వను పలకరిస్తాను.

చదివేవారికి ఒక మనవి. తాతకు ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు. అందుకని వాళ్ళవ్వ ఆయనను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకుని, చావు కన్ను పడకుండా పెంటయ్య అని పిలుచుకుంది. పిల్లవాడు నిలిచాక చర్చికి తీసుకుపోయి దేవదానం అని పెట్టింది. ఆ తల్లి ఏ పేరూ తీసేయలేదు. పెంటయ్య దేవదానం. దయచేసి ఆయనను ఆ రెండు పేర్లతోనే గుర్తుంచుకోండి.