పళ్లు కలవని యాక్సిల్

ఆ క్యాంపుకు చేరింది అక్టోబరులో. పగలు పదకొండు. ఎండ ఉంది, వెచ్చదనం లేదు. ఎత్తు పద్నాలుగు వేల అడుగుల పైమాటే. చుట్టూ బూడిద రంగు కొండలు. చెట్టు లేదు, గడ్డి లేదు. కిట్ బ్యాగు భుజానికెత్తుకుని నాలుగడుగులు వేశానో లేదో, ఊపిరి అందక దారిలోనే కూర్చుండిపోయాను. ఎదురొచ్చిన హవల్దార్ నవ్వలేదు. "కూర్చో. అందరూ ఇక్కడే కూర్చుంటారు" అన్నాడు.

నేను వెహికల్ మెకానిక్‌ని. ఈ మాట ప్రొద్దుటూరులో చెబితే ఎదుటివాడి మొహం చిన్నబోతుంది. "మరి తుపాకి పేల్చలేదా?" అంటాడు. పేల్చలేదు నాయనా. స్పానర్ పట్టుకున్నాను. గ్లవ్స్ తీసి పట్టుకుంటే స్పానర్ అరచేతికి అతుక్కుపోయేది. విడిపించుకుంటే తోలు ఊడొచ్చేది. ఇది వినే ఓపిక ఎవరికీ లేదు. టీవీలో చూసిన యుద్ధాన్నే నా నోటితో ఇంకోసారి వినాలని వాళ్ల ఆశ.

మా క్యాంపుకు పైన, కనుమ అవతల, ఒక పోస్టు. అక్కడి జవాన్లకు బియ్యం, కిరసనాయిలు, మందులు మేమే పంపాలి. చలికాలంలో ఆ దారి ఎక్కగలిగిన లారీ మా దగ్గర ఒక్కటే. దాని డ్రైవర్ మస్తాన్ మనవాడే, పెద్దముడియం దగ్గరివాడు. సైన్యంలో చేరకముందు జమ్మలమడుగు నాపరాళ్ల గనుల్లో లారీ తోలాడు. నా తెలుగు చెవిన పడగానే వంటగది గుడారంలోంచి పరుగున వచ్చాడు.

"యాడ మామా మనది?"

"ప్రొద్దుటూరు."

"అట్లయితే ఇంటికాడ ఉన్నట్లే. రా, టీ తాగుదువు."

ఆ లారీ కొత్తది. ముందు చక్రాలు దేనికవి విడివిడిగా ఊగే రకం. తారు రోడ్డు మీద ఉయ్యాల ఊగినట్టు పోతుంది. మా దారిలో గుండ్రాళ్లు, వాటి మీద మంచుగడ్డ. నవంబరుకల్లా ముందు జాయింట్ల రబ్బరు తొడుగులు చీలాయి. లోపలికి మట్టి పోయింది. డిసెంబరు మొదట్లో కుడివైపు జాయింట్ విరిగింది. కొత్త భాగాలు రావాలంటే కింది రోడ్డు తెరుచుకోవాలి. అది మే నెల మాట.

మా కెప్టెన్ సాబ్ ఇంజనీరింగ్ చదివినవాడు. చేతికి గ్రీజు అంటుతుందని వెనకాడని మనిషి. ముందున్నదంతా విప్పేసి, పాత లారీల్లో ఉండే ఒకే దూలం లాంటి గట్టి యాక్సిల్ పెడదామన్నాడు. కమాన్ పట్టీల మీద కూర్చునే రకం. మొరటుగా ఉంటుంది, కానీ విరగదు. ఆ పని నాకు కొట్టినపిండి. ప్రొద్దుటూరు షెడ్లలో గని లారీలకు చేసి చేసి ఉన్నాను.

క్యాంపు వెనక రెండు పాత లారీలు మంచులో నిలబడి ఉండేవి. రెండూ పనికిరావని పక్కన పెట్టినవే. మొదటిదాన్ని, పాత బండ్లను తుక్కుగా తీర్మానించే బోర్డు వాళ్లు వచ్చి చూసుకున్నారు, భాగాలు వాడుకోవచ్చని అనుమతి ఉంది. దాని వెనక యాక్సిల్‌ను ఇంకో యూనిట్ వాళ్లు ముందే పట్టుకుపోయారు. ముందుది మిగిలింది. రెండోదాన్ని బోర్డు ఇంకా చూడలేదు. చూసేదాకా దాని బోల్టు కూడా ముట్టుకోకూడదు.

నేను రెండింటినీ జాకీల మీద ఎత్తాను. టైరు మీద సుద్దగీత, షాఫ్టు మీద సుద్దగీత. మా షెడ్డు వెల్డర్ చక్రం తిప్పుతుంటే నేను షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో చూశాను. తర్వాత మా లారీ వెనక చక్రాన్నీ అలాగే తిప్పి చూశాను. రెండో లారీది మాదానితో సరిగ్గా కలిసింది. మొదటిది కలవలేదు. దాని వెనక యాక్సిల్ కూడా మిగిలి ఉంటే రెండూ జతగా మార్చేసేవాళ్లం.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండిలో, ముందు యాక్సిల్ లోపలి పళ్ల లెక్కా వెనక యాక్సిల్ పళ్ల లెక్కా ఒక్కటిగా ఉండాలి. లేకపోతే ముందు చక్రాలు ఒక వేగంతో, వెనకవి ఇంకో వేగంతో తిరగాలని చూస్తాయి. మంచు మీద చక్రం జారుతుంది కాబట్టి ఆ తేడా తెలియదు. గట్టి నేల మీద జారదు. తేడా అంతా ఇనుములోనే మెలిపడుతుంది. ఎంతో దూరం పోనక్కర్లేదు, ఏదో ఒకటి పగులుతుంది.

"రెండోదాన్ని విప్పనివ్వండి సాబ్" అన్నాను.

కెప్టెన్ వంగి, తనే చక్రాన్ని ఇంకోసారి తిప్పి చూశాడు. "నువ్వు చెప్పేది నిజం. నాకూ తెలుసు" అన్నాడు. ఫీల్డ్ ఫోన్‌లో పైవాళ్లను అడిగాడు. మర్నాడు మళ్లీ అడిగాడు. రెండోసారి ఫోన్ పెట్టేశాక ఆయన మెడ ఎర్రబడి ఉంది. "అనుమతి ఉన్నదే వాడమన్నారు. పోస్టుకు రేషన్ ఆగకూడదన్నారు. రెండు ఆర్డర్లూ ఒకే నోటితో ఇచ్చారు."

బోర్డు ఎప్పుడొస్తుంది? రోడ్డు తెరిచాక. పోస్టులో మనుషులు ఎప్పుడు తింటారు?

మొదటి లారీ యాక్సిలే పెట్టాం. పట్టీలు, యూ బోల్టులు, పొడవు పెంచిన బ్రేకు గొట్టాలు, కోసి అతికిన స్టీరింగ్ కడ్డీ. బ్లో లాంప్ వేడి తగిలితేనే నట్టు కదిలేది. పని అయ్యాక ముందు చక్రాలకు ఇంజను బలం కలిపే లివర్‌కు ఎర్రగుడ్డ కట్టి మస్తాన్‌ను పిలిచాను.

"మంచు మీద ఉన్నంతసేపే ఇది వెయ్యి. గట్టి నేల కనపడగానే తీసెయ్యి. మర్చిపోయినావంటే బండి మిగల్దు."

"గనుల్లో మనం కలిపి కొట్టలేదా మామా, ఏ యాక్సిల్ దొరికితే అది?"

"గనిలో కింద అంతా పొడిరాయి. చక్రం జారతాది. ఈడ దిగువన కాంక్రీటు రోడ్డు ఉంది."

"సరే మామా. నీ ఎర్రగుడ్డ మీద ఒట్టు" అని నవ్వాడు.

నేను భయపడింది వాడి చేతికి, బుద్ధికి కాదు. నాపరాళ్ల లోడుతో గని గట్టు మీంచి దిగేటప్పుడు మనవాళ్లు ముందు చక్రాల గేరు తీయరు. నాలుగు చక్రాలూ పట్టి ఉంటేనే బరువు బండిని తోయదని వాళ్ల నమ్మకం. లోడు తూచే కాటా దగ్గరికి వచ్చాకే లివర్ మీద చెయ్యి వేస్తారు. ఆ అలవాటు వాడికి అన్నం కలుపుకున్నంత సహజం.

చలికాలమంతా ఆ లారీ ఎక్కింది, దిగింది. ప్రతిసారీ మస్తాన్ కాంక్రీటు మొదలయ్యేచోట ఆగి, లివర్ తీసి, రేడియోలో "గుడ్డ తీసినా మామా" అని చెప్పేవాడు. పోస్టులోని రేడియో ఆపరేటర్ ఆ మాటకు నవ్వేవాడు. కుమావోన్ కొండల పిల్లవాడు. పొద్దున్నే వాతావరణం చెప్పి చివర్లో "టీ పొడి అయిపోయింది, పంపండి" అనేవాడు, ఉన్నా సరే.

మార్చిలో ఒక పొద్దున వాతావరణం ఇంకొకరు చెప్పారు. ఆపరేటర్‌కు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నురగ కక్కుతున్నాడు. ఆ రోగానికి ఒకటే మందు, కిందికి దింపడం. మబ్బు కమ్మి ఉంది, హెలికాప్టర్ రాదు. మస్తాన్ పైకి పోయాడు. తోడుగా ఒక జవాను. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆపరేటర్‌ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని దిగడం మొదలుపెట్టాడు.

రెండు రోజులుగా గాలి వీస్తోంది. కాంక్రీటుకు ఎంతో ముందే దారి మీద మంచు ఎగిరిపోయి బండరాయి తేలింది. మస్తాన్ చూడలేదు. పక్కన మనిషి గొంతులో నీళ్లు గుడగుడలాడుతుంటే రోడ్డు ఎవడు చూస్తాడు? చెయ్యి స్టీరింగ్ వదల్లేదు. బండి దిగుతోంది, గని గట్టు మీంచి దిగినట్టే.

రెండుంబావుకు రేడియో మోగింది.

"మామా, బండి బిగుసుకపోతాంది. లివర్ రాల్యా."

"ఆపు. రెండు గజాలు వెనక్కి పో, వదులవుతాది."

"పోయినా. వెనకంతా గడ్డ. బండి లోయ పక్కకు జారతాంది."

"అయితే ఆన్నే ఉండు. మేం వస్తాండాం."

"ఈ పిల్లోడు ఆగేటట్లు ల్యాడు మామా. మెల్లగా తోల్తా."

తర్వాత ఒక పేలుడు. అది నాకు రేడియోలోనే వినపడింది. ముందుకూ వెనక్కూ బలాన్ని పంచే పెట్టె పగిలింది. ఆ తర్వాత అది లారీ కాదు, దారికి అడ్డంగా పడిన ఇనుము.

నేనూ నర్సింగ్ అసిస్టెంటూ ఆక్సిజన్ సిలిండర్, స్ట్రెచర్ పట్టుకుని జీపులో బయలుదేరాం. మంచుగడ్డ మొదలైన చోట జీపు ఆగిపోయింది. నడిచాం. అటునుంచి మస్తాన్ ఆపరేటర్‌ను వీపున వేసుకుని నడిచి వస్తున్నాడు, జవాను పట్టుకుని సాయం చేస్తున్నాడు. మస్తాన్ కాళ్లకు మామూలు బూట్లు. మంచు బూట్లు వేసుకుంటే క్లచ్ తెలియదని డ్రైవర్లు వాటిని సీటు వెనక పెడతారు. తొందరలో అవి అక్కడే ఉండిపోయాయి. మేం వాళ్లను కలిసేసరికి ఆపరేటర్ ప్రాణం పోయింది.

మంచు కొరికి మస్తాన్ కాలివేళ్లు నల్లబడ్డాయి. ఎడమకాలివి తీసేశారు.

విచారణ జరిగింది. కెప్టెన్ సాబ్ అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయాడు. గదిలో ముగ్గురు అధికారులు, ఒక హీటరు. హీటరు వాళ్ల వైపు తిప్పి ఉంది. నన్ను అడిగింది ఒక్కటే. "గట్టి నేల మీద లివర్ తీయమని డ్రైవర్‌కు చెప్పావా?"

"చెప్పాను సార్. కానీ ఆ యాక్సిల్..."

"చెప్పావా, లేదా?"

"చెప్పాను."

"చాలు. వెళ్లు."

యాక్సిల్ గురించి చెప్పాలని గుమ్మం దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఎవరూ తలెత్తలేదు. డ్రైవర్ నిర్లక్ష్యం అని రాశారు. నేను చెప్పింది అక్షరాలా నిజం, ఆ నిజంతోనే వాడి గొంతు కోశారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

జూన్‌లో బోర్డు వచ్చింది. రెండో లారీని జీపులోంచే చూశారు. దిగలేదు. వారానికల్లా దాన్ని గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసి తుక్కు కింద పంపారు. మాకు సరిపోయే యాక్సిల్‌ను నా చేత్తోనే కోయించారు.

నా సర్వీసు ముగిసింది. ఎర్రగుంట్లలో రైలు దిగి, ప్రొద్దుటూరు బస్సు ఎక్కాను. ఎండ నెత్తిన కొట్టింది. ఏడుపొచ్చింది. వారం తిరక్కుండా మస్తాన్‌ను చూడ్డానికి పోయాను. సైన్యం ఇంటికి పంపాక, పులివెందుల రోడ్డులో నాపరాళ్ల పాలిష్ షెడ్డుకు వాచ్‌మన్‌గా ఉన్నాడు. బావమరిది కువైట్‌లో డ్రైవర్ పని చూసిపెట్టాడు, మెడికల్‌లో కాలు చూసి వెనక్కి పంపారు. అమ్మానాన్నలకు, భార్యకు మాత్రం బండి బోల్తా పడిందని చెప్పుకున్నాడు.

"నా మీద కోపం ల్యాదా?" అని అడిగాను.

"నువ్వు చెప్పిందే గదా మామా చెప్పినావు. ఇంగేం చెప్తావు?" అని టీ తెప్పించాడు.



ఈ ఊళ్లో జెండా పండుగ రోజు నన్ను పిలిచి శాలువా కప్పుతారు. నాలుగు ముక్కలు మాట్లాడమంటారు. మైకు ముందు నిలబడితే నాకు కనిపించేది జెండా కాదు, ఆ మలుపు. మస్తాన్ వంగి నడుస్తున్నాడు. ఆపరేటర్ చేతులు పట్టు తప్పుతుంటే, తన మఫ్లర్‌తో వాటిని తన మెడ చుట్టూ ముడివేసుకున్నాడు. తల వాడి భుజం మీద ఊగుతోంది. హిందీ తప్ప రాని ఆ పిల్లవాడితో మనవాడు తెలుగులో మాట్లాడుతూ దిగుతున్నాడు. "ఇంగ శానా దూరం ల్యాదప్పా. ఆడ డాక్టర్ ఉండాడు. నిద్రపోవాకు." నర్సింగ్ అసిస్టెంట్ ఆపరేటర్ మెడ మీద వేళ్లు పెట్టి, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. నేను స్ట్రెచర్ పరిచి "దించు మస్తాన్" అన్నాను. వాడు ఆగలేదు. నా పక్కనుంచి పోతూ, గొంతు తగ్గించి అన్నాడు.

"కదిలియ్యాకు మామా. ఇప్పుడే దగ్గు తగ్గింది."