చదివి వినిపించని అధ్యాయం

మా ఎదురు మేడ మీద ఒక అమ్మాయి రోజూ పొద్దున్నే ఎకనామిక్స్ గట్టిగా చదువుతుంది. అశోక్‌నగర్‌లో ఇదేమీ వింత కాదు, ఈ పేటలో ఏ మేడ మీద చూసినా పోటీ పరీక్షలకు చదివే పిల్లలే. ఈమె మాత్రం పిట్టగోడ పట్టుకుని, ఒక్కో వాక్యం రెండేసి సార్లు, ఎదురుగా ఎవరో కూర్చుని వింటున్నట్టు చదువుతుంది. మొన్న వలసలకు కారణాలు అన్న పాఠం. నేను కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడి మొత్తం విన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు ఢిల్లీలో కూర్చుని వలస విధానాల మీద పత్రాలు రాసి రిటైరైన ఆర్థికవేత్తని నేను, నాకా పాఠం కొత్త కాదు. కానీ వలసల గురించి ఎవరైనా పైకి చదివితే నాకు సులోచన మేడం గుర్తొస్తారు. గుర్తొస్తే ఇక ఆ రోజంతా ఏ పనీ సాగదు.

ఆవిడ చనిపోయి మూడు నెలలైంది. ఆవిడ దగ్గర పనిచేసిన వాళ్ళంతా కలిసి ఒక చిన్న జ్ఞాపకాల సంచిక వేస్తున్నారు. నన్నూ రాయమన్నారు. ఫోన్ చేసినాయన పెట్టేసే ముందు కాస్త నసిగి, "ఆ ఆఖరి రిపోర్టు సంగతి మాత్రం వదిలేద్దామన్నా. పెద్దామె, పోయింది. చివర్ల ఒక్క తప్పు జేసింది, ఇప్పుడు అది యాది జేసుడు ఎందుకు?" అన్నాడు. మర్యాదస్తుడే, మేడం మీద ప్రేమతోనే అన్నాడు. అయినా నాకు చెవులు కాలినట్టయింది. ఆ తప్పు ఆవిడ చెయ్యలేదు. ఎవరు చేశారో నాకు తెలుసు. అందుకే వాళ్ళు వదిలేయమన్నదే రాస్తున్నాను.

మా ఆఫీసు నారాయణగూడలో, ఒక ప్రింటింగ్ ప్రెస్ పైన రెండు గదులు. కింద పెళ్ళి శుభలేఖలు అచ్చవుతుంటే పైన మా బల్లలు సన్నగా వణికేవి. వలసల మీద అధ్యయనాలు చేసే చిన్న సంస్థ మాది, దానికి సులోచన మేడం డైరెక్టరు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ చిక్కడపల్లి సందుల్లోనే, ఉండేదీ అక్కడే, ఒక్కరే. పొట్టి మనిషి, నూలు చీర, చేతికి మగవాళ్ళ గడియారం. పెద్ద పెద్ద కమిటీల్లో ఇంగ్లీషు దంచేసేవారు, మాతో మాత్రం అచ్చంగా ఇంటి మాటే. నేనేమో కోస్తా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడిన ఉద్యోగస్తుల ఇంటి అబ్బాయిని. యూనివర్సిటీ గోల్డ్ మెడల్ ఒకటి, దాని తాలూకు పొగరు ఒకటి. ఇంటర్వ్యూలో నా వ్యాసం తిరగేసి, "మంచిగ రాసినవ్. ఎవరి గురించి రాసినవో వాళ్ళకు చదివి వినిపించినవా?" అని అడిగారు. "వాళ్ళకు ఇంగ్లీషు రాదు కదండీ" అన్నాను. "నీకు తెలుగు రాదా మరి?" అన్నారు. ఆ ఉద్యోగం నాకెందుకిచ్చారో ఇప్పటికీ అర్థం కాదు.

ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇంకెక్కడా నేను చూడలేదు, ఢిల్లీలో చెబితే నవ్వారు కూడా. రిపోర్టు పంపే ముందు ఒక్కో అధ్యాయం పట్టుకుని, ఏ ఊళ్ళో వివరాలు అడిగామో ఆ ఊరికే మళ్ళీ బస్సెక్కి వెళ్ళాలి. మనం ఏం రాశామో వాళ్ళకు తెలుగులో చదివి వినిపించాలి. వాళ్ళు ఔనంటే చివరి పేజీలో పెన్సిల్‌తో 'విన్నరు' అని రాసి, విన్న మనిషి పేరు, తేదీ వెయ్యాలి. ఆ మాట లేని అధ్యాయం ఆవిడ బల్ల దాటేది కాదు. మొదటిసారి నన్ను వెంటబెట్టుకుని నిజామాబాద్ వైపు ఒక ఊరికి తీసుకెళ్ళారు. గల్ఫ్ వెళ్ళి తిరిగొచ్చిన వాళ్ళు ఓ పదిమంది బడి అరుగు మీద కూర్చున్నారు. మెరుగైన జీవితం మీద ఆశతో వీరు వలస వెళుతున్నారు అని నేను రాసిన వాక్యం చదివారు మేడం. వెనక నుంచి ఒకాయన పకపకా నవ్వాడు. "ఆశేంది మేడం? బోరు ఎండిపాయె, పొలం పడావు పడె. పోకుంటె ఏం జెయ్యాలె?" మేడం కళ్ళజోడు పైనుంచి నా వంక చూశారు. "కొట్టెయ్ మూర్తీ. వాళ్ళు నవ్విన కాడ మనం తప్పు రాసినట్టు." తిరుగు బస్సులో నేను ముఖం మాడ్చుకుని కూర్చుంటే కాల్చిన మక్కకంకి ఒకటి చేతిలో పెట్టి, "పరేషాన్ గాకు. నావి ఇంతకన్న ఎక్కువ కొట్టేసిన్రు" అన్నారు.

మూడేళ్ళు అలా నేర్చుకున్నాను. నేర్చుకున్నాననే అనుకున్నాను. అప్పుడు ప్రభుత్వం వేసిన ఒక కమిటీకి పెద్ద రిపోర్టు రాయాల్సి వచ్చింది. ఇళ్ళల్లో పనికి గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళ గురించిన అధ్యాయం నా వంతు. ఊళ్ళు తిరిగాను, చాలామందితో మాట్లాడాను, వింటున్నకొద్దీ కోపం పెరిగింది. గదిలో పెట్టి తాళం వేసిన యజమానులు, జీతం ఎగ్గొట్టిన వాళ్ళు, చెయ్యి చేసుకున్న వాళ్ళు. అదే ఊపులో కూర్చుని, చిన్న వయసు ఆడవాళ్ళను ఈ పనికి అసలు పంపకూడదని, ఫలానా వయసు దాటితేనే అనుమతి ఇవ్వాలని సిఫారసు రాసేశాను. రాసింది చూసుకుని నేనే మురిసిపోయాను. గడువు దగ్గరపడింది. మళ్ళీ ఆ ఊరికి వెళ్ళి చదివి వినిపించాలి. ఎండలు మండిపోతున్నాయి, బస్సులో వెళ్ళి రావడానికే ఒక రోజు, పైగా వాళ్ళ మంచికే రాసిన మాటను వాళ్ళెందుకు కాదంటారులే అనుకున్నాను. చివరి పేజీ తీసి పెన్సిల్‌తో 'విన్నరు' అని రాశాను. పేరు కావాలి కదా! నేను మాట్లాడిన వాళ్ళలో గంగామణి అని ఒకామె బాగా గుర్తుంది, పాతికేళ్ళుంటాయి, కువైట్ వెళ్ళడానికి కాగితాలు పెడుతున్నానని చెప్పింది. ఆ పేరు వేశాను. మేడం అప్పుడు జ్వరంతో ఉన్నారు. ఆ పేజీ చూసి, "గీ ఎండలల్ల పోయొచ్చినవా? షాబాష్" అన్నారు. కాస్త సిగ్గేసింది. అబద్ధమెందుకు, నిజంగా కాస్తే.

కమిటీకి నా సిఫారసు తెగ నచ్చింది. కొద్ది నెలలకే అది నిబంధనగా మారింది. నేను కాలరెగరేసుకుని తిరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం గంగామణి మా మెట్లెక్కి వచ్చింది. మాట్లాడిన ప్రతి మనిషికీ ఆఫీసు చిరునామా రాసివ్వడం కూడా మేడం పెట్టిన పద్ధతే, ఆ కాగితం కొంగున ముడేసుకుని వెతుక్కుంటూ వచ్చింది. వయసు చాలదని తన కాగితాలు వెనక్కి పంపేశారట. మేడం కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. అంతా విన్నాక కొంచెం నొచ్చుకుంటూ, "గిట్ల రాసినమని మూర్తి నీకు చదివి వినిపించిండు గద బిడ్డా. నచ్చకుంటె అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

గంగామణి నా వంక చూసింది. "ఏం వినిపించిండమ్మా? ఈ సారు ఒక్కపారి వచ్చిండు. అడిగిండు, రాసుకున్నడు, పోయిండు. మల్ల యాడొచ్చిండు?"

నేను బల్ల మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టాను. సర్దడానికి అక్కడ ఏమీ లేవు. మేడం నన్ను చూడలేదు. తరువాత గంగామణినే అడిగారు, "వచ్చి చదివి ఉంటె ఏమంటుంటివి బిడ్డా?"

"పోవద్దంటె ఆగుతమా అమ్మా? మొగడు ఇడిసిపెట్టె, ఇంట్ల ఇద్దరు పిల్లలు. ఇప్పుడు ఏజెంటు ఇంకో దారి ఉన్నదంటుండు. చాటుంగ పోతె, ఆడ నాకేమన్న అయితే ఎవలకు చెప్పుకోవాలె? నేను పోయినట్టే సర్కారుకు తెల్వకపాయె."

ఆ తరువాత నా జీవితమంతా వలసల మీద సమావేశాల్లోనే గడిచింది. దేశదేశాల పెద్దలు మాట్లాడగా విన్నాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. నేను మళ్ళీ బస్సెక్కి వెళ్ళి ఉంటే ఆమె ఈ మాటే అనేది, నేనా సిఫారసు కొట్టేసేవాణ్ణి. సాయంత్రం అందరూ వెళ్ళాక మేడం పిలిచారు. తిడతారనుకున్నాను, తిట్టినా బాగుండేది. "ఆదివారం ఇంటికి రా మూర్తీ. కూసొని మాట్లాడుదం" అన్నారు, అంతే. చిక్కడపల్లి మా ఇంటికి నడిచిపోయే దూరం. నేను వెళ్ళలేదు. సోమవారం ఒంట్లో బాగాలేదని సెలవు చీటీ పంపాను, ఆ వెనకే రాజీనామా పంపాను. పిరికివాణ్ణి, ఇంకేం చెప్పను!

సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి ఆవిడ లేని పూట చూసుకుని ఆఫీసుకు వెళ్ళినప్పుడు, ఫైల్లో ఆవిడ కమిటీకి రాసిన ఉత్తరం నకలు చూశాను. ఆ అధ్యాయం ఎవరి గురించో వాళ్ళకు వినిపించకుండానే పంపామని, సరిచూసుకోకుండా సంతకం పెట్టిన తప్పు పూర్తిగా తనదని, ఆ సిఫారసు వెనక్కి తీసుకుంటున్నానని రాశారు. నా పేరు ఎక్కడా లేదు. నిబంధన మాత్రం వెనక్కి పోలేదు. తన రిపోర్టు మీద తనకే నమ్మకం లేని డైరెక్టరమ్మ అని నలుగురూ అనుకున్నారు. నిధులు ఆగిపోయాయి, ఏడాది తిరక్కుండా ఆఫీసు మూతపడింది. గంగామణి ఆ ఏజెంటు చూపిన దారినే వెళ్ళిందని ఎవరో చెప్పారు, ఆపైన ఏ కబురూ లేదు. అప్పటికి నాకు ఢిల్లీలో పెద్ద ఉద్యోగం దొరకబోతూ ఉంది. పాత డైరెక్టరు లేఖ కావాలన్నారు. ఎదురుపడి అడిగే ముఖం లేక పోస్టులో అడిగాను. పంపారు. అందులో ఒకటే వాక్యం, ఇతను బాగా రాస్తాడు అని. ఢిల్లీ వాళ్ళు దాన్ని మెచ్చుకోలు అనుకున్నారు.

బాగానే రాశాను మరి. ఇరవై ఎనిమిదేళ్ళు రాశాను. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఒక్కొక్కరే పోయారు. చివరికి అమ్మానాన్నల తరువాత ఖాళీగా పడి ఉన్న అశోక్‌నగర్ ఫ్లాటుకే తిరిగొచ్చాను. వచ్చాక కూడా మూడేళ్ళు మేడం ఇంటికి వెళ్ళలేదు. చిక్కడపల్లిలో ఆవిడ సందు మొదటిదాకా నడిచేవాణ్ణి, అక్కడ బండి మీద ఏవో కూరగాయలు కొనుక్కుని వెనక్కి వచ్చేసేవాణ్ణి. ఒక్కడికి అన్ని వంకాయలెందుకో ఆ బండావిడకూ అర్థమయ్యేది కాదు. పోయిన ఏడాది ఒక రోజు, ఎందుకో తెలియదు, కాళ్ళు ఆగలేదు.

తలుపు ఆవిడే తీశారు. ఇంకా చిన్నగా అయిపోయారు. "నేను, మూర్తిని మేడం" అన్నాను. కళ్ళు చికిలించి ఎగాదిగా చూసి, "అశోక్‌నగర్ కెల్లి చిక్కడపల్లికి రానీకి ముప్పై ఏండ్లు పట్టిందా? ట్రాఫిక్ గంత ఉన్నదా?" అన్నారు. ఏళ్ళ తరబడి కూడబలుక్కున్న మాటలు గబగబా అప్పజెప్పాను. ఆ దొంగ రాత నాదేనని అందరికీ చెబుతాను, పత్రికలో రాస్తాను, మీ పేరుకు వచ్చిన మాట పోవాలి అన్నాను. ఆవిడ చెయ్యి అడ్డం తిప్పారు.

"రాస్తె రాయి, నీకు రాసుడు మంచిగనే వస్తది. నా పేరు కరాబైందని నాకు ఎన్నడు రంది లేదయ్యా. సంతకం నేను పెట్టిన. గంగామణి జాడ కోసం ఎంతమందికో ఉత్తరాలు రాసిన, దొరకలే. గదొక్కటే రంది. నువ్వైతె దొరికేటోనివే, అందుకే నిన్ను ఎతకలే. వస్తవనుకున్న." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఆ ఆదివారం నీకు గూడ కలిపి వండిన. రాకపోతివి. మల్ల ఆదివారం వస్తవేమోనని మల్ల వండిన. చానా దినాలు గట్లనే వండిన. తిట్టనీకి కాదు మూర్తీ. ఆఫీసు బందయ్యె, ఇంట్ల ఒక్కదాన్ని. మాట్లాడనీకి ఒక్క మనిషన్న ఉంటడనుకున్న."

టీ ఇచ్చారు, తాగాను, వచ్చేశాను. మళ్ళీ వెళ్ళాను, నాలుగైదు సార్లు. ఏవేవో మాట్లాడుకున్నాం, ఆ ఊసు మాత్రం ఇద్దరమూ ఎత్తలేదు. తరువాత ఆవిడ పోయారు.

ఆ తప్పు నాది. 'విన్నరు' అని రాసింది నేను, గంగామణి పేరు వేసింది నేను. సంచిక వాళ్ళు దీన్ని అచ్చు వేస్తారో లేదో వాళ్ళ ఇష్టం. ముప్పై ఏళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ మాట, తీరా రాస్తే రెండు పంక్తులు కూడా పట్టలేదు. దీనితో ఆవిడ పేరు బాగుపడుతుంది, పడాలి కూడా. కానీ ఆవిడ నా నుంచి కోరుకుంది ఇది కాదు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఒక్కణ్ణే కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. నా కోసం ఎన్ని ఆదివారాలు వండారో ఆవిణ్ణి నేను అడగలేదు. ఎన్నని చెబుతారోనని భయపడ్డాను.