బాపు ఊపిరి, మిషను ఊపిరి

ఊపిరాడించే మిషను ఇంటికొచ్చిన రోజు అమ్మ దానికి బొట్టు పెట్టింది, కొత్త ట్రాక్టరుకు పెట్టినట్టు.

బాపు వయసంతా ఇబ్రహీంపట్నం పక్క గుట్టల్లో బండలు కొట్టాడు. హైదరాబాద్ పెరుగుతోందని, ప్లాట్ల రేట్లు ఆకాశాన్నంటుతున్నాయని అందరూ మురిసిపోతుంటే, అక్కడి మేడలకు కంకరైన గుట్టల దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఆ మేడలను చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ముక్కూ నోరూ మూసేలా మాస్కు. బాపు పీల్చినప్పుడు మిషను గాలి తోయాలి, వదిలినప్పుడు తగ్గాలి. రెండూ కలవకపోతే మనిషి అలసిపోతాడు. అప్పుడిక పట్నం తీసుకెళ్లి గొంతులోకి గొట్టం వేయాల్సిందేనని, వేస్తే మళ్లీ తీయడం కష్టమని డాక్టరు ముందే చెప్పాడు. ఆ గొట్టమంటేనే మా భయమంతా.

మిషను సెట్ చేయడానికి దవాఖాన నుంచి ఒకామె వచ్చేది. ఆమె ఉన్నంతసేపు స్క్రీను మీద గీతలు కుదురుగా నడిచేవి. ఆమె గుమ్మం దాటగానే బాపు చెమటలు కక్కుతూ మాస్కు లాగేసేవాడు. మిషను పనికిమాలినదని అమ్మినవాళ్లను ఫోనులో తిట్టిపోశాను.

ఒకరోజు ఆమె స్క్రీను వదిలేసి బాపు కడుపు మీద చెయ్యి వేసి చూసింది.

"బాపూ, మిషను కోసం ఆగి ఆగి పీలుస్తున్నవా?"

బాపు మాస్కు కాస్త ఎత్తాడు. "అవ్ బిడ్డా. జోడీగాని దెబ్బకు మన దెబ్బ కలపాలె గదా!"

బండ చీల్చే మేకు మీద ఇద్దరు వంతులవారీగా సమ్మెట వేస్తారు. ఒకడు తాళం తప్పితే ఇంకొకడి చెయ్యి పోతుంది. తన వల్ల ఎవరి చెయ్యీ పోలేదని బాపుకు గర్వం. మిషనును కూడా జోడీగాడే అనుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

"దాని ఎంబడి నువ్వు ఉరుకకు బాపూ. అదే నీ ఎంబడి రావాలె. నీకు ఎట్ల వస్తే గట్ల పీల్చు," అంటూ ఆమె, బాపు పీల్చేదాకా మిషను ఆగేలా మార్చింది.

బాపు తలూపి కళ్లు మూసుకున్నాడు. మిషను ఆగింది. బాపు కడుపు కొంచెం కదిలింది, మిషనుకు తెలియలేదు. చిన్న ఊపిరిని కూడా పసిగట్టేలా ఆమె ఇంకా మార్చింది. మళ్లీ కదిలింది, మళ్లీ తెలియలేదు. ఇక మార్చడానికి అందులో ఏమీ లేదు; బాపు ఊపిరే దానికి అందనంత సన్నబడింది.

మిషను తనంతట తానే గాలి తోసేలా పెట్టేసింది ఆమె.

"ఇప్పుడు మంచిగ కలిసింది బిడ్డా," అన్నాడు బాపు. అమ్మ మురిసిపోయి చాయ్ పెట్టడానికి లేచింది.

దవాఖానామె వెంట వాకిట్లోకి వెళ్లాను. గొట్టమంటే అంత భయపడ్డదాన్ని నేనే అడిగాను, "పట్నం తోలుకపోదామా అక్కా?"

ఆమె చెప్పులేసుకుంటూ, "వద్దు చెల్లె, ఇంట్లనే ఉండనియ్యి," అంది.