మేనత్త పోలిక

దుబాయ్‌లోని అల్ కుసైస్ నుంచి షార్జా వెళ్ళే బస్సులో, ఆడవాళ్ళ సీట్లలో నా పక్కన కూర్చున్నావిడ పేరు నేను అడగలేదు. మాట కరీంనగర్ వైపు. నా ఫోన్ మీదున్న పాప ఫొటో చూసి, "ఎవరి పోలికక్కా?" అంది.

"అచ్చం మేనత్త," అన్నాను.

"నన్ను సుత గట్లనే అంటరు. మా మేనత్త అండాశయం క్యాన్సర్‌తోని పోయింది. పరీక్ష చేపిస్తే నా జన్యువులల్ల గూడ తేడా ఉన్నదన్నరు. మా నాయిన నుంచి వచ్చిందట."

"మగవాళ్ళకు అండాశయాలే ఉండవు కదా?"

"మా ఇంట్ల అందరిదీ గదే మాట. ఆయనకు ఆ రోగం రాకున్నా, తేడా బిడ్డకు ఇయ్యొచ్చట. గడ్డ కనపడే ముందే లోపట కణాలు మారుడు షురూ అయితదట. అందుకే అండాశయాలు, వాటి పక్క నాళాలు ముందే తీయించుకుంటున్న. వచ్చే వారం ఆపరేషన్."

"ఇంట్లో ఒప్పుకున్నారా?"

"రోగం లేకుండ కోయించుకునుడేందని మా అత్త ఒకటే ఏడుపు. ముక్కు మా మేనత్తది, నోరు మా మేనత్తది, ఉంచుకుంట. ఆమె చావు మాత్రం నాకొద్దు. ఖలాస్."

తన స్టాప్ రాగానే బ్యాగు భుజాన వేసుకుని దిగిపోయింది.

మా పాప మేనత్త, అంటే నా ఆడపడుచు, కడుపులో గడ్డతో పోయిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. అది ఏ గడ్డో ఎవరూ పైకి అనరు. బస్సులోంచే మా ఆయనకు ఫోన్ చేసి అడిగాను.

"ఇప్పుడెందుకది?" అన్నాడు.

"ఇప్పుడే," అన్నాను.