నాచుపొడి అన్నం, ఆపైన టీ

భిలాయి సెక్టర్ 4లో గౌరీదేవి వంటిల్లు తెలియని తెలుగువాళ్లు లేరు. స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో చేసి రిటైరైన గోపాలం భార్య ఆవిడ. పెళ్లై శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్తలో హిందీ రాక కూరగాయల భయ్యాతో సైగలతో బేరమాడేది గానీ, మునగాకు కారప్పొడి కొట్టడంలో మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆవిడకు ఆవిడే సాటి. చుట్టుపక్కల ఏ ఆడపిల్లకు రక్తం తక్కువైందన్నా, డాక్టరు రాసిన మాత్రలతో పాటు గౌరీదేవి పొడి డబ్బా కూడా ఆ ఇంటికి చేరాల్సిందే. డబ్బా ఊరికే ఇచ్చేది. బదులుగా కోరుకునేదల్లా "అంతా మీ చెయ్యి చలవే పిన్నిగారూ" అన్న ఒక్క మాట. ఆ మాట చెవిన పడేదాకా ఎదుటిమనిషిని గుమ్మం దాటనిచ్చేది కాదు.

అంత నిమ్మళంగా సాగుతున్న ఏలుబడిలోకి లక్ష్మీకుమారి దిగింది. స్మృతి నగర్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్న మనిషి. ఆవిడ చెల్లెలు విశాఖ నుంచి తినే రకం సముద్రపు నాచును కడిగి ఎండబెట్టి పంపిస్తే, లక్ష్మీకుమారి దాన్ని నువ్వులూ ఎండుమిరపకాయలతో కలిపి పొడి కొట్టింది. వినాయక చవితి పందిట్లో అందరికీ తలా కాస్త పంచింది. ఇనుము, కాల్షియం, మెగ్నీషియం, అయోడిన్ అంటూ ప్యాకెట్టు మీద ఉన్నవన్నీ చదివి మరీ వినిపించింది. ఇంకేముంది, నెల తిరక్కుండా అందరి నోటా నాచుపొడే. గౌరీదేవికి కడుపు రగిలిపోయింది. నాచంటే కాలు జారి పడేది, దాన్ని తింటారా ఎవరైనా అని కనబడ్డవాళ్లందరితో అంది. వాళ్లు నవ్వేసి, అటునుంచి అటే లక్ష్మీకుమారి ఇంటికి పోయేవారు.

అంతవరకైనా ఓర్చుకునేదేమో. ఆ పొడి తన ఇంట్లోకే వచ్చింది. కోడలు రజనికి గర్భసంచిలో గడ్డలు. నెలనెలా రక్తం పోయి మనిషి తెల్లగా పాలిపోయింది. రక్తం పదికి చేరితే గాని ఆపరేషన్ చెయ్యమన్నారు డాక్టరు. మాత్రలేమో కడుపులో ఇమడవు. అత్తగారి మునగాకు పొడితో పెరుగుతోంది గానీ నత్తనడక. ఈ నెల లక్ష్మీకుమారి ఆంటీ పొడి తిని చూస్తానంది రజని. కొడుకు గిరీష్ సరేనన్నాడు. సొంత కోడలు, తను వండిన అన్నంలో ఆవిడ పొడి కలుపుకుని తింటుంటే గౌరీదేవికి కంట్లో కారం పడ్డట్టే ఉంది.

ఆ వారమే ఆస్పత్రిలో రజని రక్తపరీక్షకు లోపలికి వెళ్లినప్పుడు, ఏం తినాలో చెప్పే రోహిణి అన్న అమ్మాయి గౌరీదేవిని కూర్చోబెట్టి మాట్లాడింది. ఆకైనా నాచైనా, అందులో ఎంత ఇనుముందన్నది కాదట, ఒంటికి ఎంత పట్టిందన్నదే ముఖ్యమట. నాచుపొడి చెంచాకు మించకూడదు, అయోడిన్ ఎక్కువైతే థైరాయిడ్‌కు చేటు. నిమ్మరసం పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. ఇంటికి వస్తూ దారిలో గౌరీదేవి కోడలికి చెంచా సంగతి చెప్పింది. నిమ్మరసం మాట, టీ మాట మింగేసింది.

మర్నాటి నుంచి రజని నాచుపొడి అన్నం తిని లేవడం ఆలస్యం, అల్లం దంచి మరగబెట్టిన చిక్కటి టీ గ్లాసు చేతికిచ్చేది. అంత గొప్ప పొడైతే నా టీకే లొంగిపోతుందా, చూద్దాం, అని తనకు తాను సర్దిచెప్పుకునేది. రజని మురిసిపోయింది. మా అమ్మ కూడా నన్నిలా చూసుకోలేదని ఒకరోజు మొగుడితో అంటుంటే గౌరీదేవి విన్నది. ఆ పూట ఆవిడకు ముద్ద దిగలేదు. అయినా మర్నాడు టీ పెట్టింది.

నెలాఖరుకు పరీక్ష చేస్తే రక్తం పెరగకపోగా ఇంకా తగ్గింది. ఆపరేషన్ వాయిదా వేశారు. ఆటోలో రజని ఏడుస్తూ కూర్చుంది. పక్కన కూర్చున్న గౌరీదేవికి ముందు కలిగింది సంతోషం. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. సిగ్గు వచ్చినా నోరు ఊరుకోలేదు, నాచుపొడి పనిచెయ్యలేదని సాయంత్రానికల్లా సెక్టరంతా తెలిసిపోయింది. లక్ష్మీకుమారే స్వయంగా వచ్చి తల దించుకుని నిలబడింది.

"తప్పైపోయింది వదినా. పేకెట్టు మీద రాసిందల్లా నమ్మీసేను. ఉన్నదంతా పారేస్తాను, ఇంకెవరికీ ఇవ్వను. పిల్లని నువ్వే బాగు చెయ్యాలి."

గౌరీదేవి ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాటే అది. విని, కాస్త కాఫీ అయినా ఇవ్వకుండా పంపించేసింది.

మర్నాడు మధ్యాహ్నం వేడి అన్నంలో మునగాకు పొడి వేసి, నెయ్యి వేసి, నిమ్మకాయ పిండి కోడలికి పెట్టింది. ఈసారి పట్టుబట్టి పెంచాలి, పెంచి అందరికీ చూపించాలి, ధ్యాసంతా దానిమీదే. రజని తినేసి అలవాటు కొద్దీ టీ అడిగింది.

"ఇప్పుడు కాదమ్మా. తిన్నెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు."

నోరు జారాక గాని ఏమన్నదో తెలియలేదు. రజని ఎంగిలి చెయ్యి పళ్లెంలో అలాగే ఉండిపోయింది.

"ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది అత్తయ్యా?"

నిన్ననే అని అనొచ్చు. ఎవరూ కాదనరు. కానీ రక్తం లేని ఆ మొహం చూస్తూ గౌరీదేవికి అబద్ధం నోటికి రాలేదు.

"రోహిణి చెప్పింది. నెల కిందటే."

రజని పళ్లెం పక్కకు నెట్టింది. లేచి చెయ్యి కడుక్కుంది. ఫోను తీసి, అత్తగారి ఎదుటే నిలబడి లక్ష్మీకుమారికి కలిపింది.

"ఆంటీ, పొడి పారెయ్యకండి. రేపట్నుంచి నేను మీ ఇంట్లోనే తింటాను."