కుడికాలి గేరు

పదిహేడేళ్ల తర్వాత మోటార్‌సైకిల్ ఎక్కిన మొదటి ఉదయమే నా కుడికాలు నాకు ఎదురుతిరిగింది. గేరు మార్చబోయాను. బండి ఒక్కసారిగా బిగుసుకుని, వెనక చక్రం మట్టిలో ఈడ్చుకుపోయి, పక్కకు ఒరిగింది. నేను తొక్కింది గేరు కాదు, బ్రేకు.

నా పాత బండికి గేరు కుడికాలి కింద ఉండేది, బ్రేకు ఎడమకాలి కింద. ఇప్పటి బండ్లకు అది తిరగబడింది. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఎక్కే ముందు రెండుసార్లు వంగి చూసుకున్నాను కూడా. తల ఒప్పుకున్నదాన్ని కాలు ఎందుకు ఒప్పుకోదు?

కాలనీ వెనక మైదానంలో పడ్డ నన్ను లేపినవాడు పక్కింటాయన. నాతో పాటే గనిలో చేసి రిటైరయ్యాడు. వరసకు బావ. నా చొక్కా దులుపుతూ అన్నాడు: "దేవుడు లేడని నలభై ఏండ్ల సంది ఊరందరికి చెప్తివి. గేరు గక్కడ లేదని నీ కాలుకు చెప్పలేకపోతివా బావా?"

నవ్వాను. లోపల మాత్రం మండింది.

ఈ వయసులో ఈ అవస్థ ఎందుకంటే, నా భార్య వాళ్ల అక్క నస్పూర్‌లో మంచాన పడింది. గోదావరిఖని నుంచి రోజు విడిచి రోజు నా భార్య రెండు ఆటోలు మారి వెళ్లి, అక్కకు స్నానం చేయించి, తల దువ్వి, అన్నం తినిపించి వస్తోంది. ఆమె మోకాళ్లు కూడా అక్క మోకాళ్ల కంటే ఎక్కువేం బాగా లేవు. ఒక సాయంత్రం గుమ్మంలో కూలబడి చెప్పులు విడుస్తూ, "నువ్వు బండి నడిపినన్ని దినాలు నాకు ఆటో మొఖమే తెల్వకపోయె" అంది. అడగలేదు. బండి నడపమని పదిహేడేళ్లలో ఒక్కసారీ అడగలేదు. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర మర్నాడే ఈ బండి కొన్నాను.

అడగకపోవడానికి కారణం ఉంది. చివరిసారి నేను బండి పడేసినప్పుడు వెనక ఉన్నది ఆమే. బెల్లంపల్లి నుంచి వస్తున్నాం. బొగ్గు లారీల నుంచి రాలిన పొడి వానకు తడిసి, రోడ్డు నల్లటి నూనె పూసినట్టు ఉంది. నాకు మోచెయ్యి గీసుకుపోయింది. ఆమెకు భుజం ఎముక విరిగింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా ఒకే మాట: కొత్తబండికి నిమ్మకాయలు తొక్కియ్యలేదు, మైసమ్మకు కొబ్బరికాయ కొట్టలేదు, గందుకే గిట్లయింది. దవాఖాన వరండాలోనే నేను వాదనకు దిగాను. నిమ్మకాయలు తొక్కిన లారీలు బోల్తా పడటం లేదా? కొబ్బరికాయ కొట్టని కలెక్టరు జీపు క్షేమంగా తిరగటం లేదా? ఆ వారమే ఒక వ్యాసం రాసి పత్రికకు పంపాను. అందులోని ఏ వాక్యాన్నీ ఇవాళ కూడా వెనక్కి తీసుకోను.

కానీ బండి అమ్మేశాను. తప్పు రోడ్డుదైతే రోడ్డు ఆరిన తర్వాత మళ్లీ నడపాలి కదా. ఎందుకు నడపలేదు? దాని మీద మాత్రం వ్యాసం రాయలేదు. నడక ఒంటికి మంచిదని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

మైదానంలో మూడోనాడు నాకు ఒక ఉపాయం తోచింది. పాత ఎర్ర జాకెట్టు గుడ్డ చింపి ఎడమ చీలమండకు బిగించి కట్టాను. ఆ బిగువు తగులుతుంటే గేరు ఎటుందో కాలికి గుర్తుంటుంది. గనిలో నేను సర్దార్‌ను. మనుషులు పనిలోకి దిగేముందు కర్రతో పైకప్పు తట్టి చూడటం నా డ్యూటీ. గట్టిగా మోగితే పని, డొల్లగా మోగితే అందరూ వెనక్కి. మిగతావాళ్లు గని మొగదల మైసమ్మకు దండం పెడుతుంటే నేను కర్ర పట్టుకుని ముందుకు నడిచేవాణ్ని. అదే పద్ధతిలో గుడ్డను కూడా పరీక్షించాను. గుడ్డ కట్టి తిరిగితే ఒక్కసారి కూడా కాలు తప్పలేదు. విప్పి తిరిగితే తప్పింది.

"ఏ బాబా దగ్గర కట్టించుకున్నవ్ బావా తాయెత్తు?" అన్నాడు బావ.

"తాయెత్తు కాదు, గుర్తు."

"అందరు గట్లనే అంటరు."

నస్పూర్ వెళ్లాల్సిన ఉదయం నా భార్య టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, హెల్మెట్ చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. బండి ముందు చక్రం కింద ఒకటి, వెనక చక్రం కింద ఒకటి, రెండు నిమ్మకాయలు. నేను అవి చూసి కూడా అప్పటికి ఏమీ అనలేదు. ఎందుకంటే నేను ఇల్లంతా గుడ్డ కోసం వెతుకుతున్నాను.

"ఏం దేవులాడుతున్నవ్?"

"ఎర్రగుడ్డ."

"మసిగుడ్డ అనుకొని నానవెట్టిన. ఎందుకు?"

"అది లేకపోతే ఎట్ల పోవాలె?"

నోరు జారిన సంగతి నాకు ఆమె ముఖం చూశాక అర్థమైంది. మాట మార్చబోయాను. "ముందుగాల ఆ నిమ్మకాయలు తియ్యి."

"తియ్య. నీ ఎనక కూసునేది నా పానం. గుడ్డ లేకపోతే నువ్వు బండి ఎక్కవు. నిమ్మకాయ లేకపోతే నేను ఎక్క. ఏందయ్య తేడా?"

తేడా ఉంది. గుడ్డ నా కాలును మారుస్తుంది, నిమ్మకాయ రోడ్డును మార్చదు. వేదిక మీద ఈ మాటకు చప్పట్లు పడేవి. కానీ బండి నడిపినవాడికి ఇంకో సంగతి కూడా తెలుసు. వెనక కూర్చున్న మనిషి భయంతో కట్టెలా బిగుసుకుంటే మలుపులో బండి మాట వినదు. నిమ్మకాయ ఆమె భయాన్ని కాస్త వదులు చేస్తే, బండిని కూడా మార్చినట్టేనా? అక్కడ ఆగిపోయాను. నలభై ఏళ్లలో వాదన మధ్యలో నేను నోరు మూసుకోవడం అదే మొదలు.

గోడ మీద నుంచి బావ తల కనిపించింది. "సభ అయిపోయిందా చెల్లే? ఎవరు గెలిచిన్రు?"

నా భార్య వంగి రెండు నిమ్మకాయలూ తీసి సంచిలో వేసుకుంది. "అక్కకు షర్బత్ చేస్త. నువ్వు గుడ్డ మర్చిపో. ఇద్దరం ఉత్తగనే పోదాం."

నేను బండి స్టార్ట్ చేశాను.

ఆమె ఎక్కి పక్కకు తిరిగి కూర్చుని, కుడిచెయ్యి నా ఎడమభుజం మీద వేసింది. కాలనీ దాటాం, రోడ్డెక్కాం, ఎదురుగా బొగ్గు లారీలు. గేరు వెయ్యాల్సి వచ్చిన ప్రతిసారీ ఎడమకాలే కదిలింది. గుడ్డ లేకుండానే! గెలిచానని లోపల పొంగిపోయాను.

గోదావరి వంతెన మీదికి రాగానే ఆమె దండం పెట్టుకోవడానికి నా భుజం మీది చెయ్యి తీసింది. అదే క్షణంలో గేరు కోసం నా కుడికాలు దిగింది. బండి కీచుమని ఊగి, ఎలాగో పడకుండా పిట్టగోడ పక్కన ఆగింది. వెనక వస్తున్న ఆటోవాడు తిట్టుకుంటూ పోయాడు.

"ఏమైంది?" ఆమె నా నడుము గట్టిగా పట్టుకుంది.

"చెయ్యి తియ్యకు."

"గోదారమ్మకు దండం పెట్టుకోవద్దా?"

"ఆ చెయ్యి ఉంచి, రెండో చెయ్యితో పెట్టుకో."

"ఎడమచేత్తోనా? నీకు మతి ఉన్నదా?"

రెండు కాళ్లూ నేల మీద ఆనించి, బండిని పట్టుకుని నిలబడ్డాను. వెనక ఆమె రెండు చేతులూ జోడించింది. ఏ గుడి ముందూ ఆగని నేను, ఆమె కళ్లు తెరిచేదాకా ఆగాను. ఆగింది గేరు కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. పూర్తిగా నిజమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆమె చెయ్యి మళ్లీ నా ఎడమభుజం మీద పడింది.

"ఇగ పోనియ్యి. అక్క ఎదురుచూస్తుంటది."

ఎడమకాలు కదిలింది.